సముద్రం స్థానికంగా లభ్యం

విశాఖపట్నంలో గోనెసంచుల పర్యవేక్షణ మండలి అని ఒక ఆఫీసు ఉంది. అది ఉందన్న సంగతి ఊళ్ళో చాలామందికి తెలియదు. తెలిసిన నలుగురికీ అదేం చేస్తుందో తెలియదు. లోపల కూర్చున్నవాళ్ళకి మాత్రం శుభ్రంగా తెలుసు. అది సర్క్యులర్లు చేస్తుంది. ఆ సర్క్యులర్లు రాసే మహానుభావుడు సూపరింటెండెంటు ఇప్పిలి జోగారావు. వయసు యాభై ఆరు, సర్వీసు ముప్పై ఒకటి, చేతిలోంచి వెలువడిన సర్క్యులర్లు రెండొందల పైచిలుకు. వాటిలో ఒక్కదానికైనా ఎవరూ అర్థం చెప్పలేకపోయారని ఆయనకి లోలోపల కాస్త గర్వం.

ఆ గర్వమే ఆయన కొంప ముంచింది.

ఆరేళ్ళ కిందట ఒక గుమాస్తా చెప్పాపెట్టకుండా సింగపూరు చూసొచ్చి, ఆఫీసంతా చాక్లెట్లు పంచాడు. చాక్లెట్లు తినేశాక పైవాళ్ళకి కోపం వచ్చింది. ఉద్యోగులు విదేశాలకు వెళ్ళాలంటే ఒక విధానం ఉండాలి, సాయంత్రం అయిదింటికల్లా ఉండాలి అన్నారు. అప్పుడు టైము నాలుగుంబావు. జోగారావు కంగారుపడలేదు. చేతికందిన పాత డ్రాఫ్టు ఒకటి లాగాడు. అది పొరుగు రాష్ట్రం నుంచి పురికొస కొనేటప్పుడు పాటించవలసిన నిబంధనలు. పురికొస అన్నచోట విదేశీ ప్రయాణం అని, పొరుగు రాష్ట్రం అన్నచోట పరాయి దేశం అని మార్చాడు. అయిదింటికి పది నిమిషాలుందనగా పద్నాలుగు నిబంధనల సర్క్యులరు సంతకానికి వెళ్ళింది. ఇంత సమగ్రంగా ఇంత తొందరగా ఎలా రాశారండీ అని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

తర్వాత ఆరేళ్ళలో ఒక్కరూ విదేశం వెళ్ళలేదు. ఒకాయన ఖాట్మండు వెళ్దామనుకున్నాడు గానీ, దరఖాస్తు ఫారం ఒకసారి చదువుకుని శ్రీశైలం వెళ్ళొచ్చేశాడు. అందుచేత ఆ సర్క్యులరు ఎంత లోతో జోగారావుకి కూడా తెలియదు. తెలిసే రోజు వాళ్ళావిడ వరహాలు వల్ల వచ్చింది.

పెదవాల్తేరులో వాళ్ళ ఇంటి మేడమీంచి చూస్తే రెండు అపార్టుమెంట్ల మధ్య జానెడు సముద్రం కనిపిస్తుంది. ఆ జానెడు సముద్రం కోసం చుట్టాలు ఏడాది పొడుగునా దిగుతూనే ఉంటారు. వేసవిలో జోగారావు అక్కగారి కుటుంబం, దసరాకి పినతండ్రి గారి వియ్యంకులు, మధ్యలో పాలకొండ నుంచి ఎవరో ఒకరు. పొద్దున్నే టిఫిన్లు తిని బీచికి వెళ్తారు, మధ్యాహ్నం భోజనానికి వస్తారు, సాయంత్రం టీ తాగి మళ్ళీ బీచికి వెళ్తారు, రాత్రికి ఆకలేస్తోందంటూ తిరిగొస్తారు. వాళ్ళు వెళ్ళిపోయాక బాత్రూంలో మిగిలిన ఇసుక ఊడ్చుకునేది వరహాలు.

ఒకనాటి పొద్దున్న ఆమె కాఫీ గ్లాసు బల్లమీద ఠంగుమని పెట్టి, "నేను సముద్రంలో కాలు పెట్టి ఎన్నాళ్ళయిందో చెప్పండి చూద్దాం" అంది.

జోగారావు ఆలోచించాడు. పెళ్ళయి ఇరవయ్యేడేళ్ళు. ఏదో కార్తీకమాసం అని గుర్తు. ఏ కార్తీకమో తెలియలేదు.

"చెప్పలేరు. నాకే తెలీదు, మీకేం తెలుస్తుంది? అందరూ వచ్చి మన సముద్రం చూసి పోతారు. నేను మాత్రం పప్పు ఉడికిందో లేదో చూసుకుంటాను" అంటూ ఆమె ఒక పాత డైరీ తెరిచింది. అందులో మలేషియా యాత్ర ఉంది. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు. ముందు రెండ్రోజులు కౌలాలంపూర్ నగరం, తర్వాత రెండ్రోజులు లంకావి దీవిలో సముద్రం. విమానం ఎక్కే టైము, హోటలు పేరు, చూడాల్సిన టవర్లు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. మొదటిరోజు ఎదురుగా 'ఉదయం: ఎవ్వరికీ టీ పెట్టను' అని ఉంది. రెండోరోజు ఎదురుగా 'మధ్యాహ్నం: కుర్చీలో కూర్చుంటాను. ఎవరో తెచ్చి పెడతారు' అని ఉంది. ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా గీసింది.

జోగారావు ఆ రెండు గీతల మీద వేలు పెట్టి చూశాడు. "దీనికేం భాగ్యం! వెళ్దాం. పర్మిషనంటావా, అది చూసేది నేనే. నా ఫైలుకి నేను అడ్డం పడతానా?" అన్నాడు.

పడతాడని ఆయనకి అప్పుడు తెలియదు.

ఆ సాయంత్రం ఫారం తెచ్చి భార్య ఎదురుగానే నింపడం మొదలుపెట్టాడు. ఎనిమిది కాలమ్‌లు హాయిగా సాగాయి. తొమ్మిదో కాలమ్ దగ్గర పెన్ను ఆగింది. 'సదరు వస్తువు స్థానికంగా లభ్యం కాకపోవడానికి గల కారణములు' అని ఉంది అక్కడ. ఆనాటి తొందరలో వస్తువు అన్నమాట మార్చడం మర్చిపోయినట్టున్నాడు. వస్తువంటే ఈ సందర్భంలో సముద్రం. కిటికీలోంచి హోరు వినిపిస్తోంది.

"ఏటండీ ఆలోచన? ఇక్కడి సముద్రం దగ్గరయితే వంట నేనే చెయ్యాలి, అందుకని అక్కడికి పోతున్నాం అని రాసెయ్యండి" అంది వరహాలు.

"అది ఆఫీసు భాష కాదే."

"నిజం కదా?"

"నిజమే. కానీ నిజానికి ఒక ఫార్మాటు ఉంటుంది" అని, ఆయన కాసేపు పైకప్పు కేసి చూసి, 'దరఖాస్తుదారుని విశిష్ట అవసరములకు అనుగుణమైన సముద్ర సదుపాయము స్థానికముగా పరిమితమై ఉన్నందున' అని రాశాడు. రాశాక రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

మర్నాడు దరఖాస్తు తన సీటుకే వచ్చింది. దరఖాస్తుదారు జోగారావు ఇచ్చిన కాగితాన్ని సూపరింటెండెంటు జోగారావు అందుకుని, ముద్ర వేసి, పరిశీలన ప్రారంభించాడు. ఇక్కడ ఒకమాట చెప్పాలి. ఆయన నిజాయితీపరుడు. సొంత ఫైలు కదా అని చూసీచూడనట్టు పోనిచ్చాడన్న మాట పడలేడు. అందుకని మిగతా వాళ్ళ ఫైళ్ళకంటే నాలుగు రెట్లు గట్టిగా చూశాడు. రెండు లోపాలు దొరికాయి. మూడో నిబంధన ప్రకారం కనీసం మూడు దేశాల నుంచి కొటేషన్లు జతచేయలేదు. అయిదో నిబంధన ప్రకారం వస్తువు శాంపిల్ అరకిలో సమర్పించలేదు. వెంటనే తనకి తనే మెమో ఇచ్చుకుని, అందినట్టు సంతకం తీసుకున్నాడు. జవాబుకి గడువు ఏడు రోజులు. దరఖాస్తుదారు ఆరోరోజున గానీ జవాబివ్వలేదు. ఆ జాప్యం మీద సూపరింటెండెంటు ఫైల్లో కాస్త ఘాటుగానే రాశాడు.

కొటేషన్లు సరే, శ్రీలంక అనీ మాల్దీవులనీ ఏవో రెండు కరపత్రాలు సంపాదించి గుచ్చాడు. శాంపిల్ దగ్గర మాత్రం ఫైలు జాయింట్ డైరెక్టరు మంత్రిప్రగడ శేషాచలపతి గారి గదికి వెళ్ళక తప్పలేదు. ఆయన గదికి పెద్ద కిటికీ. కిటికీ నిండా బంగాళాఖాతం.

శేషాచలపతి గారు ఫైలు చదివి, కళ్ళద్దాలు తీసి, కిటికీ కేసి చూపించారు. "జోగారావ్, అదేమిటి?"

"సముద్రం సార్."

"స్థానికమేనా?"

"స్థానికమే సార్."

"మరి లభ్యం కాదని రాశారేం? ప్రభుత్వ కిటికీలోంచి కనిపించే వస్తువుని లభ్యం కాదని నేను సంతకం పెడితే, రేపు ఆడిట్‌లో కిటికీ గురించి అడుగుతారు."

"లభ్యం కాదనలేదు సార్. పరిమితం అన్నాను."

శేషాచలపతి గారు లేచి కిటికీ దగ్గర నిలబడి, ఆ చివర్నుంచి ఈ చివరికి సముద్రాన్ని చూశారు. "పరిమితంగా లేదే" అన్నారు. "సరే, తొందరపడి నిర్ణయం వద్దు. ఇది సాంకేతిక విషయం. సాంకేతిక కమిటీ వేద్దాం. నేను చైర్మన్ని. నాణ్యతా తనిఖీ అధికారి సన్యాసిరావు సభ్యుడు. మీరు కన్వీనరు. రెండు సముద్రాల శాంపిళ్ళూ పక్కపక్కన పెట్టి తులనాత్మకంగా పరిశీలిద్దాం."

"సార్, అక్కడి శాంపిల్ తేవాలంటే దరఖాస్తుదారు అక్కడికి వెళ్ళాలి. వెళ్ళాలంటే పర్మిషన్ రావాలి. పర్మిషన్ రావాలంటే శాంపిల్ ఉండాలి."

"ఆ ఇబ్బంది దరఖాస్తుదారుది. కన్వీనరు మీరెందుకు బాధపడతారు?"

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది జోగారావుకి. తలూపి బయటికి వచ్చేశాడు. మెట్లు దిగుతుంటే గానీ ఆ దరఖాస్తుదారు తనేనని గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున్నే కమిటీ బీచిలో దిగింది. సన్యాసిరావు ముప్పయ్యేళ్ళుగా గోనెసంచుల్లో తేమ కొలిచే మనిషి. తేమ మీటరు చంకలో లేకపోతే ఆయనకి నడక రాదు. ఆ మీటరు తీసి తడి ఇసుకలో గుచ్చాడు. ముల్లు గిర్రున తిరిగి చివరికెళ్ళి ఆగిపోయింది.

"తేమ పరిమితి దాటింది సార్. గోనెసంచయితే రిజెక్టు" అన్నాడు.

"సముద్రానికి సడలింపు ఇవ్వండి" అన్నారు శేషాచలపతి గారు.

ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కెరటంలో నిలబడి, మరమరాల మురీ మిక్చరు పొట్లం తింటూ గంటసేపు తనిఖీ చేశారు. ఉప్పదనం చూశారు. గాలి చూశారు. గుర్రం కూడా ఎక్కారు. దిగాక సర్క్యులరు తెప్పించుకుని, పదకొండో నిబంధన చదివించారు. ప్యాకింగ్, నిల్వ, నిర్వహణ సదుపాయములు కూడా పరిశీలించవలెను అని ఉంది. "పురికొసకయితే ప్యాకింగ్. మనిషికయితే భోజనం, వసతి. అంతే కదా జోగారావ్? ఈ చుట్టుపక్కల ఆ సదుపాయం ఎలా ఉందో చూడకుండా రిపోర్టు రాయలేం" అన్నారు. అంటూ పెదవాల్తేరు వైపు చూశారు.

జోగారావు పక్కకి వెళ్ళి ఫోన్ చేశాడు. "వరాలూ, కమిటీ భోజనానికి వస్తోంది. ఈ ఒక్కపూట నీ చేతిరుచి చూపించు. పెట్టే చెయ్యి బాగుంటే రాసే చెయ్యి బాగుంటుంది."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడయింది. తర్వాత, "ఈ భోజనంతో పర్మిషన్ వచ్చేస్తుందా?" అని వినిపించింది.

"వచ్చేసినట్టే."

పాపం, ఆ ఇల్లాలు నమ్మింది. వంజరం చేపముక్కల పులుసు పెట్టింది. రొయ్యల వేపుడు చేసింది. గోంగూర పచ్చట్లోకి ఉల్లిపాయలు తరిగింది, మామిడికాయ పప్పు తాలింపు వేసింది, చివర్న సేమ్యా పాయసం దింపింది. శేషాచలపతి గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. సన్యాసిరావు తేమ మీటరు కిందపెట్టేశాడు. అది ఆయన కిందపెట్టడం జోగారావు ఎప్పుడూ చూడలేదు.

రెండోసారి పులుసు వడ్డిస్తుండగా శేషాచలపతి గారికి విధి గుర్తొచ్చింది. "అమ్మా, పన్నెండో నిబంధన ప్రకారం వినియోగదారు వాంగ్మూలం తీసుకోవాలి. ఇంత చక్కటి సముద్రం ఇంటిముందు పెట్టుకుని మీరు పరాయి సముద్రం ఎందుకు కోరుతున్నారు?"

వరహాలు గరిటె గిన్నెలో పెట్టింది. "ఇందుకేనండీ. మీరు పొద్దున్నించీ బీచిలో ఉన్నారు. నేను పొద్దున్నించీ పొయ్యి దగ్గరున్నాను. ఇరవయ్యేడేళ్ళయి ఇదే. ఒక్క అయిదు రోజులు నాకెవరైనా వడ్డిస్తే చూడాలనుంది" అంది.

శేషాచలపతి గారు చాలా గంభీరంగా తలూపారు. "మీ బాధ కమిటీ దృష్టికి వచ్చిందమ్మా. రికార్డు చేస్తున్నాం. ఆ తల ముక్క ఎవరూ వేసుకోవడం లేదా?"

మంగళవారం రిపోర్టు తయారైంది. శేషాచలపతి గారు చెబుతుంటే కన్వీనరు హోదాలో జోగారావే రాశాడు. 'సముద్రము స్థానికముగా పుష్కలముగా లభ్యము. అంతేగాక, సదరు సముద్రమునకు కూతవేటు దూరములో అత్యున్నత ప్రమాణములు గల భోజన సదుపాయము కూడ లభ్యమగుచున్నదని కమిటీ స్వయముగా నిర్ధారించుకొనినది. విదేశములో ఇట్టి పులుసు లభ్యమగునని దరఖాస్తుదారు ఎట్టి ఆధారమును చూపలేదు. కావున అనుమతి నిరాకరించడమైనది. సదరు సదుపాయము నాణ్యత నిలకడగా ఉన్నదీ లేనిదీ కమిటీ అప్పుడప్పుడు తనిఖీ చేయుచుండును.'

రాస్తున్నప్పుడు పులుసు అన్నమాట దగ్గర జోగారావుకి వరహాలు గుర్తొచ్చింది. అయినా 'అట్టి', 'ఇట్టి', 'ఎట్టి' మూడూ ఒకే పేరాలో ఇమడ్చవచ్చునా అని ఆలోచించడం మానలేకపోయాడు. సిగ్గుచేటు, కానీ అలవాటు.

ఇంటికెళ్ళి కాగితం ఇచ్చాడు. వరహాలు నిలబడే చదివింది. పులుసు అన్నచోట ఆగి, మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఇది రాసిందెవరు?"

"నేనే."

"ఈ కింద సంతకం?"

"కన్వీనరుగా నాదే."

"ఎవరి దరఖాస్తు కొట్టేశారు?"

"నాదే."

"మీరు అడిగారు, మీరు కాదనుకున్నారు. బాగుంది సంబడం. మరి మధ్యలో వంట చేసింది నేను కదా, నేనెవరిని?" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కిందపడనివ్వలేదు. "ఆ సర్క్యులర్ తియ్యండి. నా పేరెక్కడుందో చూపించండి."

జోగారావు తీశాడు. మొదటి నిబంధన నుంచి పద్నాలుగో నిబంధన దాకా వేలు పెట్టి చదివాడు. మండలి ఉద్యోగులు అని ఉంది. ఉద్యోగుల భార్యలు అని ఎక్కడా లేదు. పురికొసకి భార్య ఉండదు కదా, పాత డ్రాఫ్టులో ఆ మాట రాలేదు.

"నీకు వర్తించదు" అన్నాడు నీరసంగా.

"ఖాయమేనా? ఇంకోసారి చూసుకోండి. తర్వాత మెమో ఇస్తే ఊరుకోను."

"ఖాయమే."

ఆమె విజయనగరంలో ఉన్న చెల్లెలు హైమకి ఫోన్ చేసింది. హైమ స్కూలు టీచరు, సెలవుల్లో ఉంది, పాస్‌పోర్టూ ఉంది. బావగారి బదులు తను వస్తానంది. మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. మూడు వారాలు నడిచిన ఫైలు అక్కడ రెండు నిమిషాల్లో తేలిపోవడం చూసి జోగారావుకి మతి పోయింది. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే పెన్ను అందుకుంది. ఉద్యోగులు అన్నమాట పక్కన 'మరియు వారి జీవిత భాగస్వాములు' అని చేరిస్తే చాలు, లోపం పూడిపోతుంది. సవరణ నంబరు కూడా మనసులో తయారైపోయింది. తలెత్తితే వరహాలు సూట్‌కేసు దుమ్ము దులుపుతోంది. ఆ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో. పెన్నుకి మూత పెట్టేశాడు. సర్వీసులో ఆయన రాయకుండా వదిలేసిన సవరణ అదొక్కటే.

వరహాలు గురువారం వెళ్ళింది. ఆదివారం ఉదయం పదకొండున్నరకి గుమ్మంలో శేషాచలపతి గారు ప్రత్యక్షమయ్యారు. వెనక మీటరుతో సన్యాసిరావు. వాళ్ళ వెనక శేషాచలపతి గారి బావమరిది, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. అందరి కాళ్ళకీ ఇసుకే.

"ఆకస్మిక తనిఖీ జోగారావ్. వీళ్ళు స్వతంత్ర పరిశీలకులు. బీచి చూసుకునే వస్తున్నాం. పులుసు వాసన రావడం లేదేం?"

"మా ఆవిడ ఊళ్ళో లేదు సార్. మలేషియా వెళ్ళింది."

"అలాగా" అన్నారు ఆయన. అయినా కూర్చున్నారు. ఏడుగురూ కూర్చున్నారు.

జోగారావుకి వచ్చిన వంట ఒక్కటే, ఉప్మా. అదీ వచ్చనే అనుకుంటూ వచ్చాడు. ముందు రవ్వ పోశాడు, తర్వాత నీళ్ళు పోశాడు, ఉండలు కట్టిందని మళ్ళీ నీళ్ళు పోశాడు, పల్చనయిందని మళ్ళీ రవ్వ పోశాడు. అడుగంటిన వాసన హాల్లోకి వెళ్ళి, పరిశీలకులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చెమటలు కక్కుతూ ఏడు పళ్ళేలు సర్దాడు. గరిటెలోంచి ఉప్మా జారలేదు. గరిటెతో కోసి పెట్టవలసి వచ్చింది. పెద్ద పిల్లాడు ఒక ముద్ద తిని, "మావయ్యా, ఇంటికి పోదాం" అన్నాడు.

సన్యాసిరావు చాలా మర్యాదగా మీటరు తీసి ఉప్మాలో గుచ్చాడు.

"తేమ ఎంతుంది?" అన్నారు శేషాచలపతి గారు.

"ముల్లు కదలడం లేదు సార్. మీటరు కూడా బయటికి రావడం లేదు."

శేషాచలపతి గారు మంచినీళ్ళు తాగారు. ఇంకో గ్లాసు తాగారు. తర్వాత ఖాళీ దరఖాస్తు ఫారం ఒకటి తెమ్మని, పళ్ళెం పక్కనే పెట్టుకుని, 'స్థానికముగా లభ్యము కాదు' అని బల్ల గుద్దినట్టు రాసి, సంతకం పెట్టేశారు. "కమిటీ పొరబడింది జోగారావ్. పునఃపరిశీలనలో తేలింది. వెంటనే బయల్దేరండి, వెళ్ళి ఆవిణ్ణి తీసుకురండి" అన్నారు. అయిదు నిమిషాల్లో ఇల్లు ఖాళీ అయింది.

జోగారావు చేతులు కూడా కడుక్కోకుండా ఫోన్ చేశాడు. అవతల కెరటాల చప్పుడు, గాలి, హైమ నవ్వు.

"వరాలూ, శాంక్షనయింది! స్థానికంగా లభ్యం కాదని రాసిచ్చారు!"

"ఏం లభ్యం కాదుట?"

కాగితం చూశాడు. వస్తువు పేరు అన్నచోట ఖాళీగా ఉంది. తొందరలో వదిలేసినట్టున్నారు. "పేరు రాయలేదు. కన్వీనరుగా నేనే నింపుకోవాలి."

"ఏం రాస్తారు?"

ఎదురుగా ఏడు పళ్ళేలున్నాయి. కిటికీలో జానెడు సముద్రం ఎక్కడిదక్కడే ఉంది. "నీ పేరు రాయాలి" అన్నాడు.

ఆమె నెమ్మదిగా అంది. "ఇరవయ్యేడేళ్ళు స్థానికంగా లభ్యంగానే ఉన్నాను కదండీ. అప్పుడు నన్ను ఏ కాలమ్‌లో రాశారు?"

జవాబుకి గడువడగడానికి కూడా ఆయనకి నోరు రాలేదు.

"ఉంటాను. నాకెవరో కొబ్బరినీళ్ళు తెస్తున్నారు" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

జోగారావు కాగితాన్ని అలాగే ఖాళీగా మడిచి ఆమె డైరీలో పెట్టాడు. పళ్ళేలు సింకులో వేశాడు. బాత్రూం తలుపు తీసి చూస్తే, నేలంతా ఇసుక. శాంపిల్‌కి అరకిలో చాలు, అక్కడ దానికి పదింతలుంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, లుంగీ ఎగ్గట్టి, చీపురు ఎక్కడుంటుందో వెతకడం మొదలుపెట్టాడు.